మీ పెదనాన్న ఏనుగులు

లలితా,

ఏనుగులూ బల్లులూ పక్షులూ ఎక్కించిన పెద్ద కుండలు చేసి, వాటిని నువ్వే కాల్చబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. పొంగిపోయాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మట్టి నానబెట్టడం, పిసకడం నీకు వచ్చు. కుండ కాస్త గట్టిపడ్డాక బొమ్మ అతికించు. రెండువైపులా గీతలు గీసి, పలుచని మట్టి పూసి నొక్కు. రెండింటిలోనూ ఒకే తడి ఉండాలి, లేకపోతే అతుకు దగ్గరే చీలుతుంది. తోకలు, చెవులు ముందుగా ఆరిపోతాయి కాబట్టి వాటికి తడిగుడ్డ చుట్టు.

ఇక అసలు సంగతి. బోలుగా చేస్తే తొండాలు వాలిపోతున్నాయని మీ పెదనాన్న ఒకసారి ఏనుగులన్నిటినీ గట్టి ముద్దలుగా చేశారు. వద్దన్నాను. పైన ముట్టుకుంటే పొడిగానే ఉన్నాయి, లోపలి తడి ఎవరికి కనిపిస్తుంది? గడువు దగ్గరపడిందని మొదటి గంటలోనే మంట ఎగదోశారు. లోపలి తడి ఆవిరై ఠప్పుమని ఒకటి పేలింది, వెంటనే ఇంకొకటి. ఏనుగులు పోతే పోయాయి, వాటి పెంకులు తగిలి పక్కనున్న మంచి కుండలు కూడా పగిలాయి. ఆయన మట్టిని తిట్టారు, కట్టెలను తిట్టారు, చివరికి నేను ఎదురొచ్చానన్నారు. ఆ తర్వాత మాత్రం ఏనుగు పొట్టలో మట్టి తవ్వి తీయడం, కనిపించనిచోట చిన్న రంధ్రం పెట్టడం మొదలుపెట్టారు. ఎందుకని నేనూ అడగలేదు.

పశ్చిమ బెంగాల్‌లోని పాంచ్‌మురా ఊరి మట్టి గుర్రాలు చూశావుగా? అంత ఎత్తు బొమ్మకు కాళ్లు, మెడ, ముఖం విడివిడిగా సారె మీద బోలుగా తీసి అతుకుతారు. చెవులు, తోక తర్వాత దూరుస్తారు. అంత చేయి తిరిగినవాళ్లే ముద్దగా చేయరు, నీకెందుకా సాహసం?

నీ బట్టీకి వేడి చూపే మీటరు ఉందట. 100 డిగ్రీలు దాటేముందు చాలాసేపు ఆగు. బట్టీ పై రంధ్రం దగ్గర అద్దం పెట్టి చూడు, మసకబారితే ఇంకా తడి ఉన్నట్టే. చల్లారేటప్పుడు 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ అనే ఇసుక రేణువులు ఒక్కసారిగా కుదించుకుంటాయి. అప్పుడు చల్లగాలి తగిలితే కుండ నిలువునా చీలుతుంది. చూడాలన్న ఆత్రంతో తలుపు తీశావంటే ఊరుకోను. కుండ పోతే ఇంకొకటి చేసుకోవచ్చు, కళ్లు జాగ్రత్త తల్లీ.

వెలిగించే రోజు నాకు ఫోను చెయ్యి, వస్తాను. మీ పెదనాన్నకు మాత్రం చెప్పకు. వచ్చి కూర్చుని, మంట చాలదంటారు.

మీ పెద్దమ్మ