అరగాన్ కేథరీన్‌కు జరిగిన అన్యాయం ఏమిటి?

ఇంగ్లండ్ రాజు ఎనిమిదవ హెన్రీ మొదటి భార్య కేథరీన్ గురించి అడిగితే, విడాకుల కథతోనే సమాధానం మొదలుపెట్టడం ఆమెకు న్యాయం కాదు. స్పెయిన్ పాలకులు ఫెర్డినాండ్, ఇసబెల్లాల కుమార్తె అయిన ఆమె 1507లో తండ్రి తరఫున ఇంగ్లండ్‌లో రాయబారిగా పనిచేసింది. 1513లో హెన్రీ ఫ్రాన్స్‌పై దండెత్తినప్పుడు రాజప్రతినిధిగా దేశాన్ని పాలించింది, ఫ్లాడెన్ యుద్ధంలో స్కాట్లండ్ రాజు మరణించింది ఆ కాలంలోనే.

ఆమె తొలి భర్త, హెన్రీకి అన్నయ్య అయిన ఆర్థర్, పెళ్లయిన ఐదు నెలలలోపే కన్నుమూశాడు. పోపు అనుమతితో 1509లో హెన్రీని వివాహమాడింది. మగ సంతానం దక్కక, రాజసభలోని యువతి ఆన్ బొలీన్‌పై మనసుపడిన రాజు, అన్న భార్యను పెళ్లాడటం దైవవిరుద్ధమని దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత వాదించాడు. ఆర్థర్‌తో వివాహం దాంపత్య సంబంధం లేని నామమాత్రపుదేనని చెబుతూ వచ్చిన కేథరీన్, 1529లో తమ వివాహం చెల్లుతుందా అని లండన్‌లోని బ్లాక్‌ఫ్రయర్స్‌లో జరిగిన విచారణలో అందరి ఎదుట భర్త ముందు మోకరిల్లి న్యాయం కోరింది. తర్వాత లేచి వెళ్లిపోయి, పిలిచినా తిరిగి రాలేదు.

1533లో ఆర్చిబిషప్ క్రాన్మర్ ఆ వివాహం చెల్లదన్నాడు. మరుసటి ఏడాది పోపు చెల్లుతుందన్నాడు. అప్పటికే ఆమెను ఆర్థర్ వితంతువుగా మాత్రమే పిలవాలని రాజు ఆజ్ఞాపించాడు. నా దృష్టిలో అంతకన్నా క్రూరమైనది, ఏకైక కుమార్తె మేరీని చూడనివ్వకపోవడం. 1536లో కింబోల్టన్ కోటలో మరణించేవరకూ ఆమె రాణి బిరుదును వదులుకోలేదు.

పోపు నేతృత్వంలోని రోమ్ చర్చితో ఇంగ్లండ్ తెగతెంపులకు ఈ వివాదమే తక్షణ కారణమైంది. 1553లో మేరీ సింహాసనమెక్కగానే, తల్లి వివాహం చెల్లుతుందని పార్లమెంటు చట్టం చేసింది.