ప్రాగ్‌లో ముందు కోట, తర్వాతే కూడలి

చిరంజీవి సుధీర్‌కు పెద్దమ్మ ఆశీస్సులు.

చెక్ రాజధాని ప్రాగ్‌లో చూడాలనుకుంటూ నువ్వు పంపిన చోట్ల జాబితా చూశాను. మూడు రోజుల్లో అన్ని చోట్లు చూడాలంటే ట్రాముల్లో పరుగులే మిగులుతాయి. మొహమాటపడకుండా సగం కొట్టేయి.

చార్లెస్ వంతెన మీదికి తెల్లవారగానే వెళ్లు. ఎండెక్కితే అక్కడంతా తిరునాళ్లే. అప్పటి రాజు నాలుగో చార్లెస్ 1357లో మొదలుపెట్టించిన వంతెన అది. మీదున్న 30 విగ్రహాల్లో చాలావరకు నకళ్లే, అసలువి మ్యూజియంలో భద్రపరిచారు. నెపోముక్ యోహాను విగ్రహం దగ్గర మాత్రం ఆగు. 1393లో రాజాజ్ఞతో వ్ల్తావా నదిలో పడేసిన మతగురువు ఆయన. పీఠానికున్న కంచు ఫలకాలు నల్లబడిపోయినా, జనం తాకేచోట మాత్రం పసుపుపచ్చగా మెరుస్తుంటాయి.

తర్వాత 22వ నంబరు ట్రాము ఎక్కి కోటకు వెళ్లు. కాగితం టికెట్ కొంటే, ఎక్కగానే పసుపు పెట్టెలో పెట్టి ముద్ర వేయించుకో. ముద్ర లేకపోతే చేతిలో టికెట్ ఉన్నా జరిమానా తప్పదు, తనిఖీ చేసేవాళ్లు మామూలు దుస్తుల్లోనే ఉంటారు.

కోటలో సెయింట్ వీటస్ చర్చి ఎలాగూ చూస్తావు. 1344లో మొదలై 1929కి గానీ పూర్తికాలేదు! అందరూ ఫొటోలు తీసుకునే పడమటి ముఖం నిజానికి కొత్తది. నేను చూడమనేది పాత రాజభవనంలోని ఒక కిటికీ. 1618లో ప్రొటెస్టెంట్ ప్రభువులు తమను ఏలే హాబ్స్‌బర్గ్ వంశపు చక్రవర్తి ప్రతినిధులిద్దరినీ, వాళ్ల కార్యదర్శినీ అందులోంచి కిందికి తోసేశారు. ముగ్గురూ బతికి బయటపడ్డారు గానీ, యూరప్‌లో ముప్పై ఏళ్ల యుద్ధం అలా రాజుకుంది. అక్కడ నిలబడి కిందికి తొంగిచూస్తే వాళ్లెలా బతికారా అనిపిస్తుంది.

అది చూశాకే పాత పట్టణం కూడలికి దిగిరా. 1410 నాటి గడియారం కింద జనం మెడలు పైకెత్తి ఎదురుచూస్తుంటారు. అస్థిపంజరం గంట కొడుతుంది, అపొస్తలుల (ఏసు శిష్యుల) బొమ్మలు వరుసగా వచ్చిపోతాయి, చూస్తుండగానే అయిపోతుంది. నాకైతే పెద్ద విశేషమనిపించలేదు, జేబుదొంగలకే అది పండగ. నువ్వు కాస్త పక్కకు వెళ్లి టౌన్ హాల్ తూర్పు గోడ దగ్గర నేల చూడు. రాళ్లలో పొదిగిన 27 తెల్ల శిలువలు కనబడతాయి. ఆ కిటికీ దగ్గర మొదలైన తిరుగుబాటు ఓడిపోయాక, 1621 జూన్ 21న దాని నాయకులు 27 మందిని చంపించింది అక్కడే. జనం వాటిని తొక్కుకుంటూ పోతుంటారు.

డబ్బు సంగతి. అక్కడ చెల్లేది కొరునా. వీధిలో ఎవరైనా మంచి రేటుకు మారుస్తామంటే ఆగకుండా నడువు. ఏటీఎం రూపాయల్లో లెక్క కట్టమంటావా అని అడిగితే వద్దను. నువ్వు శాకాహారివి కాబట్టి కూరగాయల సూప్ అన్నా మాంసం ఉడికించిన నీళ్లతో చేశారేమో అడిగి తీసుకో. బూట్లు మెత్తనివి వేసుకో, నేలంతా గులకరాళ్లలాంటి రాతిపరుపే.

యూదుల ప్రార్థనా మందిరం పింకాస్ సినగాగ్‌ను మాత్రం జాబితాలోంచి తీసేయకు. నాజీల చేతిలో చనిపోయిన దాదాపు 80 వేల మంది చెక్ యూదుల పేర్లు దాని గోడల మీద చేత్తో రాశారు. శనివారం మూసి ఉంటుంది, నువ్వు దిగేది శుక్రవారం కాబట్టి ఆ మధ్యాహ్నమే వెళ్లిరా.

మీ పెద్దమ్మ