మూడు పచ్చ దీపాలు

బరంపురం

చి. సౌమ్యకి పెదనాన్న ఆశీస్సులు.

నీ సింగిల్ ఇంజన్ గంటలు పూర్తయ్యాయనీ, వచ్చే నెల నుంచి రెండు ఇంజన్ల విమానమనీ మీ నాన్న పర్లాకిమిడి నుంచి ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం. ఇన్నాళ్లూ నువ్వు నడిపిన సెస్నాకి చక్రాలు ఎప్పుడూ కిందే ఉంటాయి. ఇకమీదట దించాల్సింది నువ్వే, అందుకే ఈ ఉత్తరం.

చక్రాలు మర్చిపోయేది మొద్దు స్టూడెంట్లే అనుకోకు. దిగబోయే ముందు రన్‌వే పక్కనుంచి ఎగురుతూ చెక్‌లిస్ట్ చదువుతుంటే సరిగ్గా అప్పుడే టవర్ పిలుస్తుంది. జవాబు చెప్పి వచ్చేసరికి చక్రాల లివర్ దించేశామనే అనిపిస్తుంది. చెయ్యి కదలకపోయినా మనసు ఒట్టేసి మరీ చెబుతుంది. మధ్యలో ఎవరు పిలిచినా ఆగినచోట అందుకోకు, మొదటినుంచి చదువు. ఆఖరి మలుపు తిరిగాక, చక్రాలు దిగి బిగుసుకున్నాయని చెప్పే మూడు పచ్చ దీపాలనీ వేలితో చూపిస్తూ పైకి చెప్పు. పక్కవాళ్లు నవ్వితే నవ్వనీ.

1972 డిసెంబర్ 29 రాత్రి, అమెరికాలో మయామీ దగ్గర ఈస్టర్న్ 401 అనే ప్రయాణికుల విమానంలో ముందు చక్రం దీపం వెలగలేదు. 2000 అడుగుల ఎత్తులో విమానాన్ని ఆటోపైలట్‌కి వదిలేసి కాక్‌పిట్‌లో అందరూ ఆ బల్బు వెంట పడ్డారు. చక్రం చూడ్డానికి ఒకాయన కింది అరలోకి దిగాడు కూడా. ఈలోగా ఆటోపైలట్ ఎత్తు పట్టి ఉంచడం మానేసింది. హెచ్చరిక మోగినా ఎవరి చెవినా పడలేదు. 101 మంది పోయారు. చక్రం దిగే ఉంది, మాడిపోయింది బల్బే.

కాబట్టి ఏ గొడవొచ్చినా ముందు నడిపేదెవరో తేల్చుకోండి. ఒకరు గొడవ చూసుకుంటే రెండోవాళ్ల కళ్లు ఎత్తు మీదా, వేగం మీదా ఉండాలి. గాల్లో తలుపు తెరుచుకున్నా ఇంతే. చప్పుడుకి గుండె ఝల్లుమంటుంది గానీ విమానం ఎగురుతూనే ఉంటుంది. దాని సంగతి దిగాక చూసుకోవచ్చు.

ఇక కబుర్లు. మన బరంపురంవాళ్లం తెలుగులో మొదలుపెట్టి ఒడియాలో ముగిస్తాం, ఈలోగా ఊరు దాటిపోతుంది! 1974లో షార్లెట్‌లో పొగమంచులో దిగుతూ రాజకీయాలు మాట్లాడుకున్న పైలట్లు ఎత్తు గమనించలేదు, 72 మంది పోయారు. అలాంటివి చూశాకే అమెరికాలో 1981లో పదివేల అడుగుల కింద పనిమాటలు తప్ప వేరేవి కూడదన్నారు. ఫోన్ ఆపేసి బ్యాగులో పడెయ్యి. 2010లో సింగపూర్‌లో దిగుతున్న ఒక జెట్‌స్టార్ విమానంలో కెప్టెన్ ఫోన్‌కి మెసేజ్‌లు మోగాయి. చక్రాల సంగతి ఆలస్యంగా గుర్తొచ్చింది. 500 అడుగుల కిందికి వచ్చేశాక మళ్లీ పైకి లేపాల్సి వచ్చింది.

అలా లేపడం నామోషీ కాదు. కిందికొచ్చేసరికి వేగం, రన్‌వేతో వరస, చక్రాలు, ఏది కుదరకపోయినా పవర్ పెట్టి లేచిపో. ట్రైనర్ తిడితే తిట్టనీ.

సెలవులకి వచ్చేటప్పుడు కొత్త విమానం చెక్‌లిస్ట్ జిరాక్స్ ఒకటి పట్రా. పైకి చదువుదువుగాని. సగంలో ఉండగా కాఫీ కావాలా అని మీ పెద్దమ్మని అడగమంటాను, అప్పుడేం చేస్తావో చూస్తాను.

మీ పెదనాన్న