జియోక్యాషింగ్‌లో (జీపీఎస్‌తో దాచిన డబ్బాలు వెతికే ఆట) ఒక క్యాష్‌లో, అంటే దాచిన డబ్బాలో, పెట్టేసిన ట్రావెల్ బగ్ (డబ్బా నుంచి డబ్బాకు తిరిగే, కోడ్ చెక్కిన బిళ్ల) సైట్‌లో ఇంకా నా ఇన్వెంటరీలోనే (నా దగ్గరున్న వాటి జాబితాలో) కనిపిస్తోంది, ఏం చేయాలి? బగ్ ఫొటో కూడా పెట్టాను.

బగ్‌ని డబ్బాలో పెట్టారు, సైట్‌లో 'ఫౌండ్ ఇట్' (దొరికింది) అని లాగ్ కూడా రాశారు. కానీ ఆ లాగ్‌లో బగ్ పక్కన 'డ్రాప్ ఆఫ్' ఎంచుకుని ఉండరు. అందుకే సైట్ లెక్కలో అది ఇంకా మీ దగ్గరే ఉంది. క్యాష్ దొరికిందని రాసినంత మాత్రాన బగ్ దానంతటదే దిగిపోదు. చాలామంది మర్చిపోయేది ఇదే.

1. అదే క్యాష్ పేజీలో కొత్త లాగ్ తెరవండి. రకం 'రైట్ నోట్' పెట్టండి. రెండోసారి 'ఫౌండ్ ఇట్' వద్దు.
2. కింద మీ ఇన్వెంటరీలో ఆ బగ్ ఉంటుంది. దానికి 'డ్రాప్ ఆఫ్' ఎంచుకోండి. పొరపాటున 'విజిట్' నొక్కితే బగ్ ఆ క్యాష్‌ని చూసొచ్చి మళ్లీ మీ జేబులోనే ఉన్నట్టు.
3. తేదీ మాత్రం బగ్ పెట్టిన రోజుదే వేసి, పోస్ట్ చేయండి.

ఈలోగా ఇంకెవరైనా దాన్ని తీసుకెళ్లి ఉంటే టెన్షన్ వద్దు. బిళ్ల మీద చెక్కిన ట్రాకింగ్ కోడ్‌తో వాళ్లే మీ ఇన్వెంటరీ నుంచి 'గ్రాబ్' చేసుకోగలరు. అప్పుడు ఈ నోట్ కూడా అక్కర్లేదు.

అన్నట్టు, మీరు పెట్టిన ఫొటోలో ఆ కోడ్ స్పష్టంగా కనిపిస్తోంది. ముందు అది తీసేయండి. సైట్‌లో బగ్ పేజీ మీద ఉండే, టీబీతో మొదలయ్యే నంబర్ ఎవరు చూసినా ఫర్వాలేదు, చెక్కిన కోడ్ మాత్రం బిళ్ల చేతికి దొరికినవాళ్లకే తెలియాలి.