ఆపరేషన్ సక్సెస్ అన్నాక కూడా అమ్మని ఐసీయూలోనే ఎందుకు ఉంచుతున్నారు?

మీరు అడిగింది ఇదీ: అమ్మగారికి మెదడులో అన్యూరిజం (ధమని గోడ మీద బుడగలా వచ్చే ఉబ్బు) పగిలింది, క్లిప్ వేశారు, మాట్లాడుతున్నారు, ఇడ్లీ కూడా తింటున్నారు, అయినా "వాసోస్పాజమ్ (మెదడు రక్తనాళాలు బిగుసుకుపోవడం) రావచ్చు, ఇంకో పది రోజులు ఏమీ చెప్పలేం" అని ఐసీయూ నుంచి కదలనివ్వట్లేదు, ఇదంతా బిల్లు కోసమేనా అని.

ఈ ఒక్క విషయంలో మాత్రం కాదండీ. నేను డాక్టర్ని కాను. మా పెద్దమ్మకి ఇదే వచ్చినప్పుడు ఆసుపత్రిలో ఉన్నది నేను, అప్పుడు మా చుట్టాలూ ఇదే మాట అన్నారు.

క్లిప్ వేసినా, కాయిల్ (సన్న తీగ చుట్ట) పెట్టినా దానివల్ల ఆ ఉబ్బు మళ్ళీ పగలకుండా ఉంటుంది, అంతే. అప్పటికే బయటికొచ్చిన రక్తం మెదడు అడుగున ఉన్న ధమనుల చుట్టూ గడ్డకట్టి ఉంటుంది కదా, రోజులు గడిచేకొద్దీ అందులోని ఎర్రకణాలు చితికి హిమోగ్లోబిన్ బయటపడి, అది ఆ ధమనుల గోడల్లో కండరాన్ని బిగుసుకుపోయేలా చేస్తుంది. నాళం సన్నబడితే అవతలి భాగానికి రక్తం చాలదు. అంటే రక్తం కారి ఆసుపత్రికి వచ్చిన మనిషికి, వారం తర్వాత రక్తం అందక పక్షవాతం వచ్చే ప్రమాదం. మామూలుగా మూడో నాలుగో రోజు మొదలై, ఏడు నుంచి పది రోజుల మధ్య ముదిరి, రెండు వారాలు దాటాక తగ్గుముఖం పడుతుంది, కొందరికి మూడు వారాలు పడుతుంది. యాంజియో (రక్తనాళాలు కనపడేలా తీసే ఎక్స్‌రే) తీస్తే సుమారు మూడింట రెండొంతుల మందిలో నాళాలు సన్నబడినట్టు కనిపిస్తుంది, మనిషిలో తేడా కనిపించేది మాత్రం దాదాపు మూడోవంతు మందికే. ఈ రోజుల లెక్క ఆపరేషన్ నుంచి కాదు, ఉబ్బు పగిలి తలనొప్పి వచ్చిన రోజు నుంచి. రెండు ఆసుపత్రులు తిరిగి ఆలస్యంగా ఆపరేషన్ అయినవాళ్ళు ఇక్కడే తికమక పడతారు. పక్క బెడ్ ఆయన్ని ముందే వార్డుకి పంపారని కూడా పోల్చుకోకండి, మొదటి సీటీలో రక్తం ఎంత మందంగా ఉందో దాన్నిబట్టి ముప్పు మారుతుంది. దాన్ని ఫిషర్ గ్రేడ్ అంటారు, 1980 నుంచీ వాడుతున్నారు.

మా పెద్దమ్మది గుంటూరు దగ్గర పల్లె, అప్పుడు మిర్చి కోతల టైం. విజిటింగ్ అవర్లో ఎప్పుడు వెళ్ళినా "కాయలు యార్డుకి తోలారా, రేటెంత పలికింది, కూలోళ్ళకి డబ్బులిచ్చారా" ఇదే గోల. ఓ సాయంత్రం వెళ్తే మిర్చి ఊసే లేదు. ఏమడిగినా "ఊఁ". దాహం వేసినట్టుంది, గ్లాసు వైపు చెయ్యి చూపించింది గానీ దాని పేరు నోటికి రాలేదు, పైగా చూపించింది ఎడమ చేత్తో, ఆవిడది కుడిచేతి వాటం. సిస్టర్ నిద్రమత్తు అంది, అదీ నిజమే కావచ్చు, గంటగంటకీ లేపి కళ్ళలో టార్చి వేస్తుంటే ఎవరికి నిద్ర ఉంటుంది. అయినా డ్యూటీ డాక్టర్ని పిలవమని పట్టుబట్టాను. ఆయన వచ్చి రెండు చేతులూ ముందుకి చాపి కళ్ళు మూసుకోమన్నాడు. కుడి చెయ్యి మెల్లగా కిందికి దిగిపోయింది. వెంటనే సీటీ యాంజియో, అక్కడి నుంచి అటే క్యాథ్ ల్యాబ్ (నాళాల్లోకి గొట్టం పంపి చికిత్స చేసే గది). తొడ దగ్గర నుంచి సన్న గొట్టం పంపి ఆ ధమనిలోకే మందు ఇచ్చారు. దాని పని కొన్ని గంటలే, అందుకని మళ్ళీ చేయాల్సి వచ్చింది. పెద్ద నాళాలైతే బెలూన్‌తో కూడా వెడల్పు చేస్తారు. ఆవిడ ఇప్పుడు బాగానే ఉంది, మధ్యమధ్యలో ఒక్కో మాట కోసం వెతుక్కుంటుంది, చెయ్యి మాత్రం పూర్తిగా వచ్చేసింది.

అందుకే చెప్తున్నా, మీ అమ్మ రోజూ ఎలా మాట్లాడుతుందో మీకు తెలిసినంత అక్కడ ఎవరికీ తెలియదు. మాట తగ్గినా, చిరాకు పెరిగినా, పేర్లు తారుమారైనా, మూతి కాస్త పక్కకి పోయినా "రేపు రౌండ్స్‌లో అడుగుదాం" అనుకోవద్దు, అప్పుడే చెప్పండి. కణత మీద పెట్టి రక్తం వేగం చూసే డాప్లర్ (ఒక రకం స్కాన్) ఉంటుంది, మెదడు మధ్య ధమనిలో ఆ వేగం సెకనుకి 120 సెంటీమీటర్లు దాటితే అనుమానం, 200 దాటితే బాగా బిగుసుకుందని. కానీ వయసు మళ్ళిన ఆడవాళ్ళలో చాలామందికి ఆ ఎముక గుండా సిగ్నల్ సరిగా రాదు, మా పెద్దమ్మకీ అంతే, కాబట్టి ఆ నంబర్ ఒక్కటే పట్టుకుని కూర్చోకండి.

మానిటర్ మీద బీపీ 170, 180 చూసి కంగారు పడతారేమో. మేమైతే "బీపీ వల్లే నరం చిట్లిందన్నారు, మళ్ళీ మందులిచ్చి పెంచుతున్నారేంటి" అని గొడవకే దిగబోయాం. పగిలినచోట మూసేశారు కాబట్టి ఇప్పుడు పెంచొచ్చు, పైపు సన్నబడినప్పుడు మోటారు ప్రెషర్ పెంచితేనే చివరి కుళాయికి నీళ్ళు వస్తాయి, అదే లెక్క. ఇంకోటి సోడియం. ఈ జబ్బులో మూత్రంలో ఉప్పు పోయి అది పడిపోతుంటుంది, పడితే మత్తు, అయోమయం, ఫిట్స్. లోపలికెళ్ళే నీళ్ళు, బయటికొచ్చే మూత్రం అన్నీ రాసుకుంటుంటారు, అక్కడ మీ పిన్నిగారో అత్తగారో ప్రేమగా కొబ్బరినీళ్ళు పట్టిస్తే (అందులో సోడియం తక్కువే) లెక్కంతా పోతుంది. వద్దని చెప్పేయండి.

ఈ ముప్పు తగ్గించడానికి ఇచ్చే నిమోడిపిన్ టాబ్లెట్ మాత్రం గట్టిగా పట్టించుకోండి. నాలుగు గంటలకోసారి 60 మిల్లీగ్రాములు, 21 రోజులు. అర్ధరాత్రి డోసు కూడా డోసే. యాంజియోలో నాళం పెద్దగా తెరుచుకున్నట్టు కనిపించకపోయినా మెదడు దెబ్బతినడం తగ్గుతుందని 1989 నాటి బ్రిటన్ ట్రయల్‌లోనే తేలింది. దానివల్ల బీపీ మరీ పడిపోతుంటే సగం డోసు రెండు గంటలకోసారి ఇస్తారు, అది డాక్టర్ నిర్ణయం, మీరు ఆపొద్దు. ముందే డిశ్చార్జ్ చేస్తే మిగిలిన రోజుల టాబ్లెట్లు అక్కడే తీసుకుని వెళ్ళండి, మా ఊళ్ళో మెడికల్ షాపులో అసలు దొరకలేదు.

ఇక డబ్బు సంగతి. భారంగా ఉందని డాక్టర్‌కి సూటిగా చెప్పండి, ఇవాళ రక్తస్రావం అయ్యాక ఎన్నో రోజో, ఎప్పుడు స్టెప్‌డౌన్‌కి (ఐసీయూకీ వార్డుకీ మధ్య ఉండే యూనిట్‌కి) మార్చగలరో అడగండి. వేరే ఆసుపత్రికి మార్చక తప్పకపోతే అక్కడ రాత్రిపూట కూడా క్యాథ్ ల్యాబ్ నడుస్తుందా, న్యూరో టీం ఉంటుందా కనుక్కున్నాకే కదలండి, అదీ ఈ ఏడు నుంచి పది రోజుల మధ్య కాకుండా చూసుకోండి.