తెల్ల బండి, ఎర్ర మట్టి, మండే ఎండ: మీ కెమెరా ప్రశ్నలు

ప్రశ్న: మేడమ్, ఆదివారాలు స్నేహితులతో కలిసి చేవెళ్ల, వికారాబాద్ వైపు మట్టి దారుల్లో బండ్లు నడపడానికి వెళ్తుంటాను. నాది తెల్ల థార్, కెమెరా నికాన్ డీ5600. ఒకే చోట, ఒకే ఎండలో తీసినా ఒక ఫొటోలో బండి బూడిద రంగులో మసగ్గా వస్తోంది, ఇంకో దాంట్లో బానెట్ వట్టి తెల్లకాగితంలా వెలిసిపోతోంది. టోపీ పెట్టుకున్న మనుషుల మొహాలు మాత్రం రెండింట్లోనూ నల్లగానే ఉంటున్నాయి. కెమెరాలో లోపమా? (పాఠకుడు, మియాపూర్)

జవాబు: కెమెరా బాగానే ఉంది, సర్వీసుకి ఇవ్వకండి. అందులో వెలుగుని కొలిచే మీటరుకి ఎదురుగా ఉన్నది బండో బండరాయో తెలియదు. ఎంత వెలుగు వెనక్కి వస్తోందన్నది ఒక్కటే దానికి తెలుసు. ఎదురుగా ఉన్నదంతా కలిపితే మధ్యరకం బూడిద రంగు అవుతుందనీ, పడిన వెలుగులో దాదాపు 18 శాతం తిప్పి పంపుతుందనీ అనుకుని అది లెక్క కడుతుంది. మీరు దగ్గరికెళ్లి ఫ్రేమంతా తెల్ల బండితో నింపితే ఇంత వెలుగా అని తగ్గించేస్తుంది. బండి బూడిదగా వస్తుంది. అదే బండి దూరంగా, ఆ చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల నీడ ముందు చిన్నగా కనిపిస్తుంటే చీకటిగా ఉందని పెంచేస్తుంది. ఫొటోలో బానెట్ తెల్లగా వెలిసిపోతుంది, దాన్నే కాలిపోవడం అంటాం. మీరు నిలబడిన చోట ఎండ మారలేదు, ఫ్రేములో తెలుపు వాటా మారింది.

కాబట్టి ఆ వాటాని మీరే చూసుకోవాలి. ముందు డయల్‌ని ఆకుపచ్చ ఆటో నుంచి తప్పించి పీ మీదకో ఏ మీదకో తిప్పండి, ఆటోలో ప్లస్–మైనస్ బటన్ పని చేయదు. షట్టర్ పక్కనే ఉన్న ఆ బటన్ నొక్కి పట్టుకుని, ఫ్రేము నిండా తెల్ల బండి ఉంటే ప్లస్ 1 దాకా పెంచండి. చీకటి ముందు చిన్నగా ఉంటే మైనస్ 1 దాకా తగ్గించండి. ఒక్క అంకె మారితే వెలుగు రెండింతలో సగమో అవుతుంది, దాన్నే మేము ఒక స్టాప్ అంటాం. మీకు దారి పొడుగునా దొరికే ఎర్ర చల్క నేల, ఎండిపోయి ఉన్నప్పుడు, మీటరు కోరుకునే మధ్యరకానికి చాలా దగ్గరగా ఉంటుంది. ఆ నేల మీదికి కెమెరా వంచి రీడింగ్ తీసుకుని, లాక్ చేసి, పైకెత్తి బండిని తీయవచ్చు. తాండూరు వైపు తడిసిన నల్లరేగడి అయితే మైనస్ 1 కావాలి. ఏ నేలా నమ్మకంగా లేకపోతే మీ అరచేయి ఉంది. బండి మీద పడే ఎండే దాని మీదా పడేలా చాపి, రీడింగ్ తీసుకుని, ప్లస్ 1 చేయండి. ఎవరి చర్మం ఏ రంగైనా అరచేతులు దాదాపు ఒకే తెలుపు.

అయితే నా పద్ధతి ఇది కాదు. మా ఆయన జీపు నడుపుతుంటే నేను పక్క సీట్లోంచి దిగి తీస్తుంటాను. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు నేను మీటరుని అడగను. డయల్ ఎం మీద, అంటే అన్నీ మనమే పెట్టుకునే మాన్యువల్ మీద పెట్టి, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా చురుకుదనం) 100, లెన్స్ రంధ్రం ఎఫ్/8 (అంకె పెరిగితే రంధ్రం చిన్నది), షట్టర్ సెకనులో 400వ వంతు పెట్టుకుంటాను. ఫిల్ము రోజుల నుంచీ వస్తున్న ఎండ లెక్క ఇది: నిండు ఎండలో ఎఫ్/16 పెడితే, ఐఎస్ఓ ఎంతో సెకనులో అన్నో వంతు షట్టరు చాలు. ఎఫ్/16, 1/100 అన్నా, ఎఫ్/8, 1/400 అన్నా పడే వెలుగు ఒకటే. బండి తిరిగినా, దగ్గరికొచ్చినా, మర్రి ముందు నుంచి వెళ్లినా అంకెలు మార్చాల్సిన పని లేదు, ఎందుకంటే సూర్యుడు ఎటూ వెళ్లలేదు. మీ తెల్ల బండికి 1/500 పెట్టుకుంటే ఇంకా భద్రం. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్ దయాళ్ 1905లో పోయారు, అప్పటికి ఎలక్ట్రిక్ లైట్ మీటర్లే లేవు. గాజు పలకల మీద ఆయన తీసిన కోటలు, దర్బారులు చూడండి. ఎండని కళ్లతో చదవడం నేర్చుకుంటే మనకీ వస్తుంది. దయచేసి నేర్చుకోండి, అంత కష్టం కాదు.

తీశాక తెర చూసి మోసపోవద్దు. ఎండలో తెర చీకటిగా కనిపించి ఇంకాస్త పెంచుదామనిపిస్తుంది, ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే అంతా తెల్లబోయి ఉంటుంది. ప్లేబ్యాక్ మెనూలో డిస్‌ప్లే ఆప్షన్స్ కింద హైలైట్స్ దగ్గర టిక్ పెట్టండి. వెలుగు ఎక్కువై వివరం పోయిన చోట్లు మిణుకుమంటాయి. హెడ్‌లైటు అద్దం మీదో క్రోము మీదో సూర్యుడి మెరుపు మిణుకుమంటే వదిలేయండి, అది మెరవాల్సిందే. బానెట్ అంతా మిణుకుమంటే మాత్రం తగ్గించి మళ్లీ తీయండి. డిజిటల్లో నీడలో దాగిన వివరాన్ని తర్వాత కొంత పైకి లాగవచ్చు, కాలిపోయిన తెలుపులో లాగడానికి ఏమీ మిగలదు. ఈ ఒక్క సంగతి కోసమే మిగతా లెక్కలన్నీ.

ఇక మొహాలు. మన హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో మధ్యాహ్నం పన్నెండుంపావు దగ్గర సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలబెట్టిన కర్రకు నీడే ఉండదు. ఆ నెలల్లో టోపీ కింద కళ్లు గుంటల్లా కనబడటం సహజం. కెమెరా మీద ఫ్లాష్ లేపితే చాలదా అంటారు. మీ కెమెరా ఫ్లాష్ గైడ్ నంబర్, అంటే దాని బలం చెప్పే అంకె, 12, ఫ్లాష్‌తో షట్టర్ 1/200 దాటదు కాబట్టి ఎండలో ఎఫ్/11 పెట్టాలి, 12ని 11తో భాగిస్తే ఒక మీటరు పైచిలుకు దూరం. మనిషి అంత దగ్గరుంటేనే ఆ ఫ్లాష్ నిండుగా అందుతుంది. దానికన్నా మీ బండిలోనే ఉన్న సాధనం వాడండి: ముందు అద్దానికి లోపల పెట్టే వెండి రంగు సన్‌షేడ్. ఒక స్నేహితుడి చేతికిచ్చి, మోకాళ్ల ఎత్తున పట్టించి, ఎండని మొహం మీదకి తిప్పించండి. కళ్లల్లోకి కాకుండా గడ్డం కిందికి పడాలి. అదీ లేకపోతే మనిషిని చెట్టు నీడ అంచుకి, ఎండ పడుతున్న నేలకి ఎదురుగా నిలబెట్టండి. ఎర్ర నేల నుంచి వచ్చే వెలుగుకి మొహం కాస్త ఎరుపెక్కుతుంది, కెమెరాలో రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్‌లో సరిచేసుకోవచ్చు. నాకైతే ఆ ఎరుపు ఉంచడమే ఇష్టం.

ప్రశ్న: మా తమ్ముడు నడుపుతుంటే నేను పక్కన కూర్చుని ఫోన్‌తో తీస్తాను. ముందు దారి కనిపించాలి, మా వాడి చేతులు, స్టీరింగ్ కూడా కనిపించాలి. దారి అంతా తెల్లగా వచ్చేస్తోంది. (పాఠకురాలు, నాగోల్)

జవాబు: మీ సీటే నా సీటు కాబట్టి ఈ బాధ నాకు బాగా తెలుసు. ఫ్రేములో సగం పైగా నల్ల డాష్‌బోర్డు ఉండటంతో ఫోన్ దానికోసం వెలుగు పెంచేస్తుంది. తెర మీద బయట దారిని వేలితో తాకి, లాక్ పడేదాకా నొక్కి ఉంచండి. తర్వాత పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొద్దిగా కిందికి జరపండి. దారి నిలుస్తుంది, లోపల చీకటవుతుంది. చేతులు నల్లటి నీడ ఆకారాల్లా వచ్చినా స్టీరింగ్ మీద ఉన్నాయని చూసేవాళ్లకి తెలుస్తుంది, అది అందమే.

రెండూ కావాలంటే మధ్యాహ్నం ఆశ వదులుకోండి. లోపలికీ బయటికీ తేడా అప్పుడు ఏ ఫోనూ దాటలేనంత ఉంటుంది. పొద్దున్నే సూర్యుడు పక్క కిటికీలోంచి చేతుల మీద పడుతున్నప్పుడు తీయండి. హెచ్‌డీఆర్ అంటారా, ఫోన్ వరసగా కొన్ని ఫ్రేములు తీసి కలుపుతుంది, గుంతల్లో ఎగిరే బండిలో ఆ ఫ్రేములు సరిగ్గా కలవక అంచులు రెండుగా కనబడవచ్చు. బండి ఆపి తీస్తే బాగా వస్తుంది. ముందు అద్దంలో డాష్‌బోర్డు ప్రతిబింబం పొగలా కమ్ముతుంటే డాష్‌బోర్డు మీద నల్లగుడ్డ పరచండి. నేను పాత గొడుగు గుడ్డ వాడతాను. మెరిసే పాలిష్ మాత్రం డాష్‌బోర్డుకి పూయొద్దు. మీ తమ్ముడు ఎంత అడిగినా నడుపుతున్నప్పుడు ఫోన్ ఆయన చేతికివ్వకండి.

ప్రశ్న: వాగు దాటేటప్పుడు నీళ్లు రెక్కల్లా లేచే ఫొటో ఎప్పుడూ అలుక్కుపోతోంది. (పాఠకుడు, బోడుప్పల్)

జవాబు: డయల్ ఎస్ మీద, కానన్ అయితే టీవీ మీద పెట్టి షట్టర్ 1/1000 చేయండి. ఐఎస్ఓ ఆటోలో ఉంచి, 3200 దాటకుండా హద్దు పెట్టండి. ఎండలో లేచిన నీళ్లు తెల్లబండి కంటే ఎక్కువ మెరుస్తాయి, కాబట్టి మైనస్ 0.7. చినుకు చినుకూ విడివిడిగా వద్దు, కాస్త ఊపు కనబడాలంటే 1/250. ఎండ నీళ్ల వెనకనుంచి పడేలా మీరు నిలబడితే రెక్కలు వెలుగుతాయి. ఒడ్డున, వాలుకి పైవైపు నిలబడండి. వానాకాలం పారుతున్న వాగులో ఫొటో కోసం బండి దింపడం వద్దు, ఇందులో నాకు రెండో మాట లేదు.

ప్రశ్న: ముందు బండి రేపే దుమ్ములో ఏం తీసినా బూడిదగానే వస్తోంది. సాయంత్రం ఫ్లాష్ వేస్తే ఫొటో నిండా తెల్ల చుక్కలు. (పాఠకుడు, ఉప్పల్)

జవాబు: చుక్కలన్నీ మీ దగ్గరి దుమ్ము కణాలే, ఫ్లాష్ ముందు వాటికే తగులుతుంది. ఆపేయండి. దుమ్ముకి సూర్యుడు వెనక ఉండాలి. సాయంత్రం అయిదు దాటాక బండ్ల వరస పడమరకి పోతుంటే మీరు వెనకాలే ఉండి తీయండి, బూడిద దుమ్మే పసుపుగా వెలుగుతుంది. అక్కడ మీటరు వెలుగుకి బెదిరి బండ్లని నల్లగా చేస్తుంది. నాకది నచ్చుతుంది, మీకు బండి రంగు కూడా కావాలంటే ప్లస్ 1 చేసి ఆకాశాన్ని వదులుకోండి. రెండిట్లో ఏది కావాలో తీసేముందే తేల్చుకోవాలి.

లెన్స్ మార్చడం దారి మీద కాదు, బండి లోపల అద్దాలెత్తి, ఏసీ ఆపి చేయండి. కెమెరా లోపల ఫొటో పట్టే సెన్సర్ మీద దుమ్ము పడితే ఎఫ్/16లో ఆకాశం నిండా మచ్చలు తేలతాయి, ఎఫ్/8లో అంతగా కనబడవు. ఎండ లెక్క ఎఫ్/16 దగ్గర మొదలైనా నేను ఎఫ్/8లో తీసేది ఇందుకే. నోటితో ఊదకండి, రబ్బరు బల్బు ఊదుడు వాడండి.

ప్రశ్న: ఫిల్టరేదైనా కొనమంటారా? రా ఫార్మాట్‌లో తీయాలా? (పాఠకురాలు, కూకట్‌పల్లి)

జవాబు: కొంటే ఒక్కటే, సర్క్యులర్ పోలరైజర్. మీ లెన్స్ ముందు వలయం మీద రాసిన అంకె, 55 గానీ 67 గానీ, చూసుకుని కోఠిలో అడగండి. అద్దం మీద, నీళ్ల మీద, పెయింటు మీద అడ్డొచ్చే మెరుపుని తగ్గిస్తుంది, సూర్యుడు మీకు పక్కన ఉన్నప్పుడు ఆకాశాన్ని బాగా ముదురు చేస్తుంది. ఒకటి నుంచి రెండు స్టాప్‌ల వెలుగు తింటుంది, కాబట్టి సాయంత్రం తీసేయండి. పక్క కిటికీ అద్దంలోంచి మాత్రం దాంతో తీయొద్దు, గట్టిపరచిన ఆ గాజులోని ఒత్తిళ్లు రంగుల మచ్చలుగా బయటపడతాయి.

రా, అంటే సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైలు, తప్పకుండా తీయండి. మామూలు ఫొటో ఫైలు జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లు, 14 బిట్ రాలో 16,384. ఎర్ర నేల మీద నీడలు లాగేటప్పుడు ఆ తేడా కంటికి తెలుస్తుంది.

ప్రశ్న: అనంతగిరి దగ్గర క్యాంపులో టెంటు, జీపు, ఆకాశం మూడూ ఒకే ఫొటోలో రావాలి. రాత్రి ఎనిమిదికి తీస్తే ఆకాశం నల్లగోడలా ఉంది. (పాఠకుడు, మెహదీపట్నం)

జవాబు: ఎనిమిదికి ఆలస్యమైపోయింది. సూర్యుడు దిగిన పావుగంట నుంచి పాతిక నిమిషాల్లోపు, ఆకాశం ఇంకా నీలంగా ఉండగానే తీయాలి. అన్నం వండటం ఆ తర్వాత పెట్టుకోండి. ట్రైపాడ్ నేల మీద నిలిపి ఐఎస్ఓ 400, ఎఫ్/5.6, అర సెకనుతో మొదలుపెట్టండి, చీకటి ముదిరేకొద్దీ షట్టర్ సమయాన్ని రెట్టింపు చేస్తూ పోండి. జీపు హెడ్‌లైట్లు ఆపి పార్కింగ్ లైట్లు ఒక్కటే ఉంచండి. టెంటులో ఎల్‌ఈడీ లాంతరు మీద తెల్ల రుమాలు కప్పండి. టెంటు గుడ్డ మిణుకుమంటే ఇంకో రుమాలు వేయండి, కెమెరాలో వెలుగు తగ్గించకండి, తగ్గిస్తే ఆకాశం కూడా పోతుంది.