పిలిస్తే పలకడు.. తప్పు టీకాదా, ఫోన్‌దా?

ప్రశ్న: మా బాబుకు 27 నెలలు. పేరు పెట్టి పిలిచినా చూడడు. మాటల్లేవు. బొమ్మకారు తిరగేసి చక్రాలే తిప్పుతుంటాడు. ఏడాదిన్నరకు వేసిన టీకా వల్లేనని మా అత్త, ఫోన్ వల్లని మా ఆయన అంటున్నారు. కడుపుతో ఉన్నప్పుడు జ్వరానికి పారాసెటమాల్ వేసుకున్నా. అదేమన్నా కారణమా? మా మామకూ నాలుగేళ్లకే మాటలొచ్చాయట. ఆగి చూడమంటారా? - ఒక తల్లి, ఆదోని

జవాబు: ఆగొద్దమ్మా. ఇవి ఆటిజం లక్షణాలు కావచ్చు గానీ, రాసింది చదివి ఖాయం చేయలేం. చెవి సరిగా వినపడకపోయినా పిల్లలు పలకరు. ఫోన్‌లో పాట రాగానే పరుగెత్తుకొస్తున్నాడని వదిలేయకుండా ముందు బెరా పరీక్ష (శబ్దం చెవి నుంచి మెదడుకు చేరుతోందా అని చూసేది) చేయించండి. కొన్ని శబ్దాలు వినపడి, కొన్ని వినపడని లోపాలూ ఉంటాయి.

ఆటిజంలో పెద్ద వాటా జన్యువులది. అదీ ఒక జన్యువు కాదు, వందల్లో. నెలలు నిండకుండా పుట్టడం, తల్లిదండ్రుల వయసు పైబడటం, గర్భిణికి షుగర్, ఫిట్స్‌కు వాడే వాల్ప్రోయేట్ మాత్రలు ముప్పును పెంచుతాయి. (ఆ మాత్రలు ఎవరూ సొంతంగా మానకూడదు.) ఎమ్మార్ (తట్టు, రుబెల్లా) టీకా రెండో డోసు వేసేది 16-24 నెలల మధ్య. ఈ లక్షణాలు ఇంట్లోవాళ్ల కంటపడేదీ అప్పుడే. అనుమానం అక్కడే పుడుతుంది, అంతేగానీ టీకా ఆటిజం తేదు. స్వీడన్‌లో దాదాపు 25 లక్షల మంది పిల్లలపై 2024లో వచ్చిన అధ్యయనంలో, తోబుట్టువులతో పోల్చి చూస్తే పారాసెటమాల్‌కూ ఆటిజానికీ సంబంధం కనిపించలేదు. ఫోన్ ఆటిజం తేదు, కానీ మీతో ముఖాముఖి గడిపే గంటలను మింగేస్తుంది. తీసేయండి.

కర్నూలు పెద్దాసుపత్రిలో పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే కేంద్రం (డీఈఐసీ)లో చూపించండి. ఆటిజమో కాదో ఖాయమయ్యేదాకా ఆగక్కర్లేదు, ఇంట్లో ఈరోజే మొదలుపెట్టొచ్చు. మూత బిగువుగా ఉన్న పారదర్శకమైన డబ్బాలో బొరుగులు వేసి వాడి చేతికివ్వండి. తీయలేక మీ మణికట్టు పట్టి లాగుతాడు. వాడి కళ్ల ఎత్తుకు కూర్చుని, ఐదు లెక్కపెట్టేదాకా ఆగండి. కళ్లలోకి చూసినా, చేయి చాపినా, ‘ఊ’ అన్నా చాలు. ‘తియ్యి’ అని ఒక్క మాటే అంటూ తీసి నాలుగైదు గింజలే పెట్టి మళ్లీ మూయండి. డబ్బా నిండుగా ఇచ్చేస్తే రెండోసారి అడిగే పనుండదు. ‘బొరుగులు అను, అను’ అని వెంటపడితే డబ్బా విసిరేసి పోతాడు. ఏడుపు దాకా ఆపొద్దు. చెనిక్కాయ విత్తనాలు మాత్రం వాడొద్దు, గొంతుకు అడ్డం పడతాయి. ఇలా పది నిమిషాల చొప్పున రోజుకు ఐదారుసార్లు, స్నానంలోనూ అన్నం దగ్గరా కూడా.

స్టెమ్‌సెల్ చికిత్స అంటూ లక్షలు అడిగేవారుంటారు. ఆటిజానికి అది పనిచేస్తుందన్న ఆధారం లేదు.

వచ్చిన మాటలు పోయినా, ఫిట్స్ లాంటివి కనిపించినా వెంటనే తీసుకెళ్లండి. ఆసుపత్రికి పోయేముందు బాబు ఇంట్లో ఆడుకునేది, పిలిచినప్పటిది రెండు నిమిషాల వీడియో తీసుకోండి. కొత్తచోట ఏడ్చే పిల్లాడిలో అసలు తీరు కనపడదు.